భయపడొద్దన్నారు, సరే. మరి గోడల సంగతి?
ప్రకాశం జిల్లా కలెక్టర్ గారికి, జిల్లా విపత్తు నిర్వహణ సంస్థకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన కలెక్టర్ గారికి, సంస్థ సభ్యులకు నమస్కారం.

2024 డిసెంబరు 21, 22, 23 తేదీల్లో ముండ్లమూరు, తాళ్లూరు మండలాల్లో వరసగా మూడు రోజులు భూమి కదిలింది. 2025 మే మొదటి వారంలో పొదిలి, దర్శి వైపు మళ్లీ అదే వరస. వచ్చినవన్నీ కొద్ది సెకన్ల ముచ్చటే. అలమరలో గిన్నెలు గలగలమన్నాయి, జనం వీధుల్లోకి వచ్చారు, కాసేపటికి లోపలికి వెళ్లారు. ఇలాంటప్పుడు ఎక్కడైనా వినిపించే మాట ఒకటే: స్వల్ప ప్రకంపనలు, భయపడాల్సిన పనిలేదు. ఆ మాటలో తప్పు లేదు. అయితే భయం పోయాక చేయాల్సిన పని ఒకటుంది. ఏ ఊళ్లో ఏ ఇల్లు ఎంత ఊపుకు నిలుస్తుందో చూసుకోవాలి. ఈ లేఖ దాని గురించే. దీన్ని రాస్తున్నవాళ్లలో ఇళ్ల డిజైన్లు వేసేవాళ్లున్నారు, భూగర్భశాస్త్రం పాఠం చెప్పినవాళ్లున్నారు, బేల్దారి పని చేయించేవాళ్లున్నారు.

ముందు ఒక అపోహ తీర్చాలి. మన దగ్గర భూకంపం కొత్తేమీ కాదు. 1967 మార్చి 27న ఒంగోలు దగ్గర 5.4 స్థాయి భూకంపం వచ్చింది. అప్పటికి ఊహ తెలిసినవాళ్లకు ఇప్పుడు అరవై దాటి ఉంటాయి కాబట్టి ఊళ్ల జ్ఞాపకంలో లేదు, అంతే. గుండ్లకమ్మ నది పోకడ వెంబడి వాయవ్యం నుంచి ఆగ్నేయానికి ఒక పాత పగులు ఉందని భూగర్భ శాస్త్రవేత్తలు చాలాకాలంగా చెబుతున్నారు. కోట్ల ఏళ్ల నాటి గట్టి రాయిలో మానని గాటు అనుకోండి. భారత భూఫలకం ఉత్తరాన హిమాలయాన్ని నెడుతూ ఉంటే ఆ ఒత్తిడి ఫలకం మొత్తానికీ పాకుతుంది. ఎక్కడ పాత గాటు ఉంటే అక్కడ కొద్దికొద్దిగా జారుతుంది. ఉదయగిరి, వరికుంటపాడు వైపు 2015-16లో నెలల తరబడి సన్నగా అదిరింది కూడా ఈ కోవలోదే.

మన పత్రికల భాషలో ఒక చిక్కుంది. ‘తీవ్రత’ అనే ఒక్క మాటనే రెండు వేరు వేరు సంగతులకు వాడుతున్నాం. భూకంపం ఎంత పెద్దదో చెప్పే అంకె ఒకటి, ఊపు మన ఊళ్లో ఎంత గట్టిగా తగిలిందో చెప్పేది ఇంకొకటి. మొదటిది ఒక భూకంపానికి ఒకటే ఉంటుంది. రెండోది ఊరూరికీ మారుతుంది. ముండ్లమూరులో గోడ బీటలిచ్చి, ఒంగోలులో ఎవరికీ తెలియకపోవడంలో వింతేమీ లేదు. మొదటి అంకె ఒకటి పెరిగితే విడుదలయ్యే శక్తి దాదాపు 32 రెట్లు పెరుగుతుంది. ఆ లెక్కన 3 స్థాయి చిన్న ప్రకంపనకూ, 1967 నాటి 5.4కూ తేడా సుమారు 4,000 రెట్లు. డిసెంబరులో పడని ఇల్లు 5.4కు నిలుస్తుందని ఎవరైనా అనుకుంటే ఈ అంకె చూపించాలి.

ఎందుకొస్తున్నాయన్న దానికి ఊళ్లలో మూడు సమాధానాలు తిరుగుతున్నాయి: చీమకుర్తి క్వారీలు, లోతు బోర్లు, జలాశయాలు. క్వారీ పేలుడు దూరం నుంచి భూకంపంలాగే అనిపిస్తుంది, కానీ పరికరం మోసపోదు. పేలుడు అన్ని వైపులకూ నేలను బయటికి తోస్తుంది కాబట్టి చుట్టూ ఉన్న ప్రతి కేంద్రంలో మొదటి కదలిక పైకే నమోదవుతుంది. భూకంపంలో రాయి పగులు వెంట జారుతుంది కాబట్టి కొన్ని కేంద్రాల్లో మొదటి కదలిక పైకి, కొన్నింట్లో కిందికి వస్తుంది. ఈ అనుమానం తీరడానికి మీరు చేయగల పని చిన్నది. క్వారీల పేలుడు సమయాల రిజిస్టరును వారానికోసారి మండల కార్యాలయం బోర్డు మీద పెట్టించండి. పగలు పనివేళల్లో వినిపించిన శబ్దం ఏదో, తెల్లవారుజామున వచ్చిన ఊపు ఏదో జనమే పోల్చుకుంటారు.

నీటి సంగతి కొంచెం లోతైనది. మహారాష్ట్రలో కోయనా జలాశయం నిండిన తర్వాత 1967 డిసెంబరు 11న 6.3 స్థాయి భూకంపం వచ్చింది. నీటి బరువు, పగుళ్లలోకి దిగిన నీటి ఒత్తిడి అప్పటికే జారడానికి సిద్ధంగా ఉన్న పగులును కదిలిస్తాయి. మంచి వర్షాల తర్వాత పైపొరల పగుళ్లలోకి నీరు దిగి, లోతు తక్కువున్న చిన్న ప్రకంపనలు గుంపుగా రావడమూ ఉంది. అలాంటివాటికి తుపాకీ పేల్చినట్టు శబ్దం ఎక్కువ, ఊపు తక్కువ. మన దగ్గర జరుగుతున్నది ఇదేనా అన్నది పరికరాలు పెట్టి కొలిస్తే తేలాలి. టీ కొట్టు దగ్గర తేలదు.

ఇక అసలు ప్రశ్న. చిన్నవి వస్తున్నాయి కదా, పెద్దది వస్తుందా? మహారాష్ట్రలోని పాల్ఘర్ జిల్లాలో 2018 నవంబరు నుంచి వేల ప్రకంపనలు వచ్చాయి, వాటిలో పెద్దవి కూడా 4 దగ్గరే ఆగిపోయాయి. అదే రాష్ట్రంలో లాతూరు జిల్లా కిల్లారిలో 1992లో ఇలాగే మొదలయ్యాయి. ఆ ఏడు అక్టోబరులో కాస్త గట్టిగా ఊగింది, తర్వాత సద్దుమణిగింది. మరుసటేడు, 1993 సెప్టెంబరు 30న, వినాయక నిమజ్జనం అయిన మర్నాడు తెల్లవారుజామున నాలుగింటికి అటూ ఇటుగా 6.2 వచ్చింది. దాదాపు 8,000 మంది నిద్రలోనే పోయారు. ఆ ప్రాంతం అప్పటి భూకంప ప్రమాద పటంలో దేశంలోకెల్లా భద్రమైన జోన్‌లో ఉంది. మనది పాల్ఘర్ దారిలో పోవడానికే అవకాశం ఎక్కువ. అయినా ఫలానా రోజు, ఫలానా గంటకు వస్తుందనో రాదనో చెప్పగల శాస్త్రం ఇంతవరకూ లేదు. ‘ఇంకో రెండు గంటల్లో పెద్దది’ అని ఫోన్లలో తిరిగే ప్రతి మెసేజీ అబద్ధమేనని మీరే దండోరా వేయించవచ్చు.

కిల్లారిలో అంతమందిని చంపింది ఆ అంకె కాదు. మట్టి పెట్టి పేర్చిన రెండు మూడడుగుల మందం రాతిగోడలు, వాటి మీద అడుగుకు పైగా మట్టి పోసిన మిద్దెలు. మార్కాపురం, గిద్దలూరు, కనిగిరి, ఉదయగిరి వైపు తిరిగినవాళ్లకు ఈ వర్ణన చదవగానే ఏ ఇల్లు కళ్లముందు కదులుతుందో వేరే చెప్పనక్కర్లేదు.

చవుడు మిద్దె లెక్క చూద్దాం. 20 అడుగుల వెడల్పు, 30 అడుగుల పొడవు ఇంటి మీద అడుగు మందం మట్టి ఉంటే ఆ మట్టి బరువే సుమారు 28 టన్నులు. వానాకాలం ముందు కారకుండా ప్రతి ఏడూ కొత్త చవుడు పోస్తారు, పాతది తీయరు. ఇరవై ఏళ్లలో అడుగు అడుగున్నర అవుతుంది. భూకంపం ఇంటిని కిందికి నొక్కడం కంటే పక్కకు తోయడమే ఎక్కువ. ఆ తోపు బరువును బట్టి ఉంటుంది. భూకంపాన్ని తట్టుకునే డిజైనుకు భారత ప్రమాణమైన ఐఎస్ 1893 కోడు 2016 పటంలో ఒంగోలు, నెల్లూరు మూడో జోన్‌లో ఉన్నాయి, ఊపు ఎంత గట్టిగా ఉండొచ్చో చెప్పే జోన్ గుణకం 0.16. ఇనుము లేని రాతి, ఇటుక గోడల చిన్న ఇంటికి ఆ కోడు లెక్క కడితే బరువులో 13 శాతం పక్కబలం వస్తుంది. అంటే 28 టన్నుల మట్టి ఒక్కటే గోడల తలను మూడున్నర టన్నులకు పైగా బలంతో అటూ ఇటూ తోస్తుంది. మట్టి పెట్టి కట్టిన గోడకు నిలువు బరువు మోసే శక్తి ఉంది, ఈ పక్క తోపును ఆపే శక్తి లేదు.

కాబట్టి ఈ ఇళ్లకు మొదటి మందు తలబరువు దించడం. 10 అడుగుల వెడల్పు, 12 అడుగుల పొడవున్న గది మీద నాలుగంగుళాల మట్టి తీస్తే రెండు టన్నులు తగ్గుతుంది. మట్టిని ఆరంగుళాల లోపుకు దించి, పైన మందపాటి ప్లాస్టిక్ పట్టా పరిచి, దాని మీద రెండంగుళాల మట్టి మెత్తితే వాన కారదు, ఏటా పోయాల్సిన పని తప్పుతుంది. నలుగురు మనుషులకు ఒక రోజు పని. జాగ్రత్త ఒక్కటే. మట్టిని ఒక పక్క కుప్పపోసి దించకూడదు, మధ్య నుంచి రెండు వైపులకూ సమంగా తీసుకుంటూ పోవాలి. లేకపోతే పాత తుమ్మ దూలం ఒకవైపు తేలి రెండో వైపు గోడను నెడుతుంది. జూన్ వానలకు ముందే ఉపాధి హామీ పనుల్లో దీన్ని పెట్టే వీలుందేమో చూడండి.

రెండోది గోడ. మన రాతిగోడ నిజానికి రెండు గోడలు. బయట ఒక వరస, లోపల ఒక వరస, మధ్యలో చిల్లరాళ్లు, మట్టి. ఊపుకు మధ్యలో మట్టి జారి కిందికి కూరుకుంటుంది, రెండు వరసలూ చెరో వైపుకు ఉబ్బుతాయి, పైకప్పు మధ్యలో దిగుతుంది. దీన్ని ఆపేది గోడ మందం మొత్తం పట్టే పొడుగు రాయి. ఎత్తులో ప్రతి రెండడుగులకు ఒక వరస, ఆ వరసలో నాలుగడుగులకు ఒకటి చొప్పున ఉండాలని ఇలాంటి గోడలకు భారత ప్రమాణమైన ఐఎస్ 13828 చెబుతుంది. పాతకాలం మేస్త్రులకు ఇది తెలుసు. కాంట్రాక్టు లెక్కల్లో రాయిని చిన్నగా పగలగొట్టి తెచ్చే రోజులు వచ్చాక పొడుగు రాయి మాయమైంది.

ఉన్న గోడకు తర్వాత పెట్టవచ్చు. గోడలో ఒక రాయిని సన్నటి చువ్వతో కదిలించి మెల్లగా ఊడదీయాలి. సుత్తితో గానీ గడ్డపారతో గానీ కొడితే చుట్టూ పది రాళ్లు వదులవుతాయి. లోపలి మట్టి చేత్తో తీసి, అవతలి వరస రాయిని కూడా తీస్తే మూడంగుళాల సొరంగం ఏర్పడుతుంది. రెండు చివరలూ కాస్త వెడల్పుగా, మధ్య సన్నగా, డమరుకం ఆకారంలో ఉంటే పట్టు బాగుంటుంది. అందులో రెండు కొసలా కొక్కెం తిప్పిన 8 మిల్లీమీటర్ల చువ్వ పెట్టి, సిమెంటు, ఇసుక, కంకర 1:2:4 పాళ్ల కాంక్రీటు కూరి, పది రోజులు తడపాలి. ఇవి అడ్డంగా, నిలువుగా మీటరుకొకటి చొప్పున, పై వరసకూ కింది వరసకూ అర మీటరు జరిపి ఉండాలి. ఒకే రోజు పక్కపక్కనే రెండు తీయకూడదు. గోడ అప్పటికే అంగుళానికి మించి ఉబ్బి ఉంటే ఈ పని పెట్టుకోవద్దు. ఆ భాగం విప్పి మళ్లీ కట్టాల్సిందే. ఉబ్బు ఎంతో మేస్త్రి గుండు దారం కట్టి చూస్తే అయిదు నిమిషాల్లో తెలుస్తుంది.

మూడోది కాంక్రీటు బెల్టు. కొత్తగా కట్టే ఇళ్లలో మేం ఎక్కువగా చూసే తప్పు ఇదే. తలుపు మీద ఒక ముక్క, కిటికీ మీద ఒక ముక్క లింటెల్ పోసి వదిలేస్తారు. ముక్క లింటెల్ తలుపును కాపాడుతుంది, ఇంటిని కాదు. నాలుగు గోడల చుట్టూ, మధ్య గోడ మీదుగా కూడా తెగకుండా తిరిగినప్పుడే అది బెల్టు. పెట్టె చుట్టూ తాడు కట్టినట్టు. 20 అడుగులు, 30 అడుగుల ఇంటికి, మధ్యలో ఒక అడ్డగోడతో కలిపి 120 అడుగుల బెల్టు కావాలి. మూడంగుళాల మందం, గోడంత వెడల్పు, రెండు 10 మిల్లీమీటర్ల చువ్వలు, వాటిని కలుపుతూ ఆరంగుళాలకొక 6 మిల్లీమీటర్ల లింకు. మొత్తం ఇనుము 60 కిలోలు, సిమెంటు నాలుగైదు బస్తాలు. సింహద్వారం టేకు చెక్కకు పెట్టే డబ్బులో ఇది ఎన్నో వంతో ఇల్లు కట్టుకునేవాళ్లే లెక్కేసుకోవచ్చు. చెడేది మూలల దగ్గర. చువ్వ మూల దాకా వచ్చి ఆగిపోతే అక్కడే గోడలు విడిపోతాయి. మూల తిరిగి పక్క గోడలోకి కనీసం అడుగున్నరకు పైగా వెళ్లాలి. చువ్వకు చువ్వ అతికే చోట కూడా 50 సెంటీమీటర్లు ఒకదాని మీద ఒకటి ఉండాలి. ఆ అతుకు మూల దగ్గర రాకూడదు.

కిటికీ మూలకు బాగా దగ్గరగా పెట్టడం మరో పాడు అలవాటు, ముఖ్యంగా వాస్తు పేరు చెప్పి. గది లోపలి మూల నుంచి తలుపుకు గానీ కిటికీకి గానీ అడుగున్నర వదలాలి. ఒక గోడలో తలుపులూ కిటికీల వెడల్పు కలిపి ఆ గోడ పొడవులో సగం దాటకూడదు, రెండంతస్తులైతే 42 శాతం దాటకూడదు. ఈశాన్యం కిటికీ అడుగున్నర జరిగితే వాస్తు ఏమీ చెడదని చెప్పే సిద్ధాంతి ఒకరు దొరికితే ఆయనతోనే ఈ సంగతి చెప్పించండి. ఇంజనీరు మాటకంటే తొందరగా చెవికెక్కుతుంది.

ఇప్పటికే బెల్టు లేకుండా ఉన్న ఇటుక ఇళ్లకు బయటి పట్టీ వేయవచ్చు. లింటెల్ పైన అడుగు వెడల్పున పూత చెక్కేసి, ఇటుకల మధ్య జాయింట్లు ముప్పావు అంగుళం లోతు గోకి, నీళ్లతో కడిగి, 1:3 సిమెంటు పూత 12 మిల్లీమీటర్లు వేయాలి. దాని మీద తుప్పు పట్టని వెల్డ్ మెష్‌ను ఆరంగుళాల మేకులతో బిగించి, మళ్లీ 16 మిల్లీమీటర్ల పూత. ఇంటి చుట్టూ తెగకుండా తిరగాలి, వారం పైగా తడవాలి. కోళ్ల దొడ్డికి వాడే సన్న వల దీనికి పనికిరాదు. చాలాచోట్ల అదే వేసి బిల్లు పెడతారు.

ఇళ్ల కంటే ముందు చూడాల్సినవి మన వైపు ఇంకొకటున్నాయి: పొగాకు ఆకును వేడికి ఆరబెట్టే బ్యారన్లు. విపత్తు ప్రణాళిక రాసేటప్పుడు వీటి పేరు ఎవరికీ తట్టదు. పొదిలి, కొండపి, టంగుటూరు, కనిగిరి పొలాల్లో నిలబడే ఈ గదులకు ఇరవై అడుగుల దాకా ఎత్తైన గోడలు, మధ్యలో అడ్డగోడ లేదు, అంతస్తు స్లాబు లేదు. లోపల అంచెలంచెలుగా ఆకు అల్లిన కర్రలు గోడల మీదే ఆనుకుని ఉంటాయి. కర్రల బరువు గోడలను లోపలి నుంచి నెడుతుంది, కింద ఎర్రగా కాలే గొట్టాలు. రాత్రుళ్లు మంట చూసుకునే మనిషి గోడ పక్కనే పడుకుంటాడు. చిన్న ఊపుకు గోడ పడకపోవచ్చు. ఒక కర్ర జారి ఎండిన ఆకు గొట్టం మీద పడితే చాలు, బ్యారన్ అంటుకుంటుంది. భూకంపం లేకుండానే ఇలా కాలిన బ్యారన్లు ప్రతి సీజన్‌లోనూ ఉంటాయి. చేయాల్సినవి ఇవి. గొట్టాలకు అడుగున్నర పైన గట్టి ఇనుప వల కట్టాలి. కర్రలు ఆనే వాసాలు గోడలోకి ఆరంగుళాలైనా దిగి ఉండాలి. గోడ సగం ఎత్తులో, పైన, రెండు చోట్ల బెల్టు ఉండాలి. పడుకునే మంచం గోడ ఎత్తులో సగం దూరమైనా అవతల వేసుకోవాలి. ఆకు కాల్చడం మొదలయ్యే జనవరికి ముందే వేలం కేంద్రాల ద్వారా రైతులకు ఈ నాలుగూ చేరేలా చూడండి.

ఒంగోలు, నెల్లూరు అపార్ట్‌మెంట్ల గురించి ఎక్కువ రాయం, ఒకటే చెబుతాం. 2001 జనవరి 26న భుజ్ దగ్గర భూకంపం వస్తే 200 కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న అహ్మదాబాద్‌లో అపార్ట్‌మెంట్లు కూలాయి. వాటిలో చాలావాటికి కింద గోడలు లేకుండా పార్కింగ్ వదిలారు. పైన గోడలతో బిగుసుకున్న పెట్టె, కింద సన్నటి పిల్లర్ల కాళ్లు. ఊపంతా ఆ కాళ్ల మీదే పడింది. పిల్లర్‌లో నిలువు చువ్వలు ఎన్ని ఉన్నాయని అందరూ అడుగుతారు, వాటి చుట్టూ తొడిగే రింగు ఎలా ముడేశారని అడిగేవాళ్లు తక్కువ. రింగు కొక్కెం 90 డిగ్రీలకు తిప్పి వదిలితే పైపూత ఊడగానే విప్పుకుంటుంది. 135 డిగ్రీలకు లోపలికి వంచాలి, కొస కనీసం 65 మిల్లీమీటర్లు లోపల ఉండాలి. పిల్లర్ పైనా కిందా నాలుగంగుళాలకు మించకుండా రింగులు రావాలి. పిల్లరూ బీమూ కలిసే చోట రింగులు తొడగడం కష్టమని వదిలేస్తారు, అవి అక్కడ ఉండి తీరాలి. కాంక్రీటు పోసే ముందు రోజు పిల్లర్ దగ్గర నిలబడి తీసిన ఫోటో ఒకటి ఫైల్లో ఉండాలన్న షరతు పెట్టండి. పోశాక ఎవరూ చూడలేరు.

బీటల గురించి ఫిర్యాదులు మీకు చాలా వచ్చి ఉంటాయి. అన్నీ భూకంపం బీటలు కావు. దర్శి, అద్దంకి వైపు నల్లరేగడి నేల ఎండాకాలం కుంచించుకుని, వానాకాలం ఉబ్బుతుంది. ఆ బీట మే నెలలో విప్పుకుని సెప్టెంబరుకు మూసుకుంటుంది. స్లాబు కింద గోడ పొడవునా అడ్డంగా వచ్చే బీట ఎండకు స్లాబు సాగడం వల్ల వచ్చేది. ఊపు వల్ల వచ్చేది కిటికీ మూల నుంచి ఐమూలగా పోతుంది, గట్టి ఊపైతే ఇంటూ గుర్తులా రెండు వైపులకూ. రెండు గోడలు కలిసే మూలలో నిలువుగా పై నుంచి కిందికి దిగే బీట అన్నిటికంటే చెడ్డది, గోడలు విడిపోతున్నాయని అర్థం. బీట మీద ఒక చిన్న గాజుముక్కను రెండు వైపులా అంటించి తేదీ రాయండి. గాజు పగిలితే బీట కదులుతోంది. పెన్ను రీఫిల్ దూరని బీటకు సిమెంటు పాలు ఎక్కిస్తే సరిపోతుంది. పెన్సిల్ దూరేంత ఉంటే ఆ గదిలో పడుకోవడం ఆపి ఇంజనీరును పిలవాలి.

ఊపు వచ్చినప్పుడు ఏం చేయాలన్నది దిల్లీ కరపత్రంలో ఉన్నట్టు ‘బల్ల కిందికి వెళ్లండి’ అని ఒక్కమాటలో అచ్చు వేయిస్తే మన ఊళ్లకు సగమే పనికొస్తుంది. స్లాబు ఇల్లు, స్కూలు, ఆఫీసు అయితే అదే సరైనది. బల్ల కిందికి దూరి, దాని కాలు పట్టుకుని, ఊపు ఆగేదాకా కదలకూడదు. మెట్ల మీదికి పరుగెత్తకూడదు. రెండు సెకన్ల ఊపుకు పిల్లలు మెట్ల మీద తొక్కిసలాటలో దెబ్బలు తినడం భూకంపం చేయని నష్టాన్ని మనం చేసుకోవడమే. రాతిగోడ, మట్టి మిద్దె ఇంట్లో నేల మీద, వాకిలికి నాలుగడుగుల్లో ఉంటే బయటికి రావడమే మేలు. వచ్చాక గోడకు, పిట్టగోడకు, కరెంటు తీగకు దూరంగా ఆగాలి. గడప దగ్గర ఆగితే పైనుంచి పడేవన్నీ అక్కడే పడతాయి. నులక మంచం కింద దూరితే ఏమీ ఆగదు. ఊపు ఆగాక గ్యాసు రెగ్యులేటరు, కరెంటు మెయిను ఆపాలి. అటక మీద ఇత్తడి బిందెలు, ధాన్యం డబ్బాలు తలవైపు ఉంటే మంచం ఈ రోజే జరపాలి. స్లాబు మీద వెయ్యి లీటర్ల నీళ్ల ట్యాంకు అంటే టన్ను బరువు. దాన్ని నాలుగు వరసల పొడి ఇటుకల మీద నిలబెట్టినవాళ్లు కనీసం ఆ ఇటుకలను సిమెంటుతో కట్టించాలి.

తీరగ్రామాలకు ఒక మాట. 3, 4 స్థాయి ప్రకంపనలకు సునామీ రాదు. 2004 డిసెంబరు 26న వచ్చింది సుమత్రా దగ్గర సముద్రం అడుగున కదలడం వల్ల. అలాంటిదానికి హైదరాబాద్‌లోని సునామీ హెచ్చరిక కేంద్రం ఇన్‌కాయిస్ నుంచి హెచ్చరిక ముందే వస్తుంది. ముండ్లమూరు కదిలితే కొత్తపట్నం ఖాళీ చేయక్కర్లేదు.

ఇక మీ నుంచి కావాల్సినవి.

గుండ్లకమ్మ వెంబడి తాత్కాలిక భూకంప నమోదు కేంద్రాలు కనీసం నాలుగు పెట్టమని హైదరాబాద్‌లోని భూభౌతిక పరిశోధన సంస్థ ఎన్‌జీఆర్‌ఐని, జాతీయ భూకంప కేంద్రాన్ని అడగండి. చోటు తేలడానికి మూడు చాలు, లోతు తేలాలంటే నాలుగోది కావాలి. అదీ భూకంపం పుట్టిన చోటికి బాగా దగ్గరలో ఉండాలి. దూరపు కేంద్రాలతో లెక్కిస్తే లోతు సరిగా తేలదు, చాలాసార్లు 10 కిలోమీటర్లని రాసి వదిలేస్తారు. కేంద్రానికి కావాల్సింది రాయి మీద నిలిచిన ఒక గది, సోలార్ పలక, సిగ్నలు. లారీలు తిరగని, మోటార్లు లేని పంచాయతీ గది చూపిస్తే సగం పని అయినట్టే.

ఊళ్లోని మనుషులు కూడా పరికరాలే. శబ్దం ముందు వచ్చి ఊపు తర్వాత వస్తుంది. రెంటి మధ్య సెకన్లు లెక్కపెట్టి ఎనిమిదితో గుణిస్తే భూకంపం పుట్టిన చోటు ఎన్ని కిలోమీటర్ల దూరమో సుమారుగా తెలుస్తుంది. రెండూ ఒకేసారి వచ్చాయంటే మన కిందే అని అర్థం. సచివాలయంలో ఒక నోటుపుస్తకం పెట్టి తేదీ, ఫోన్ గడియారం సమయం, శబ్దానికీ ఊపుకూ మధ్య సెకన్లు, ఏం కదిలింది, ఏం పడింది రాయించండి. ఎవరికీ తెలియలేదన్నా అది కూడా రాయాలి. అదే వివరం జాతీయ భూకంప కేంద్రం భూకంప్ యాప్‌లో కూడా పెట్టవచ్చు.

గ్రామ సచివాలయాల్లో ఇంజనీరింగ్ అసిస్టెంట్లు ఉన్నారు. ఇంటికి ఇరవై నిమిషాలు చాలు. కప్పు దేంతో ఉంది, మట్టి ఎంత మందం, గోడ దేంతో కట్టారు, పొడుగు రాళ్లు ఉన్నాయా, బెల్టు తెగకుండా ఉందా, మూల బీట ఉందా, పైన ఏం బరువుంది, రెండు ఫోటోలు. రోజుకు నాలుగు గంటలు కేటాయిస్తే 500 ఇళ్ల ఊరు ఏడు వారాల్లో పూర్తవుతుంది. ముండ్లమూరు, తాళ్లూరు, దర్శి మండలాలతో మొదలుపెట్టి, మట్టి కట్టు రాతిగోడల ఇళ్లు, పాత బడి గదులు, అంగన్‌వాడీలు ముందు చూడాలి. ప్రభుత్వం డబ్బిచ్చే ప్రతి కొత్త ఇంటికీ లింటెల్ దశ బిల్లు తెగని బెల్టు ఫోటో చూశాకే ఇవ్వండి. దీనికి కొత్త చట్టం అక్కర్లేదు, ఫారంలో ఒక గడి చాలు.

మేస్త్రులకు ఒక రోజు శిక్షణ పెడితే గదిలో ప్రొజెక్టరు వద్దు. బడి ఆవరణలో అయిదడుగుల రాతిగోడ, ఒక మూల బెల్టు, ఒక పిల్లర్ బుట్ట వాళ్ల చేతే కట్టించండి. కూలి పోకుండా ఆ రోజు డబ్బులివ్వండి. రింగు 135కు వంచడానికి వాడే చెక్క మీద మేకులు ఎక్కడ కొట్టాలో చూపించడానికి పావుగంట పడుతుంది. ఆ చెక్క ఇంటికి పట్టుకెళ్లనివ్వండి. నమూనా ఫారం, బెల్టు కొలతల బొమ్మ, బ్యారన్ జాగ్రత్తల కరపత్రం తెలుగులో రాసి సిద్ధంగా ఉంచాం. కబురంపితే తెచ్చి ఇస్తాం, ఊళ్లకు వచ్చి చూపిస్తాం.

ఇట్లు,
జిల్లాలో ఇళ్లు కట్టేవాళ్లం, కట్టించేవాళ్లం, రాళ్ల గురించి చదువు చెప్పినవాళ్లం